అర్ధచంద్రంలో చివరి కుర్చీ

ఒకటో తరగతి పిల్లలకు త్రిభుజం నేర్పడం ఎంతసేపు పనిలే అనుకుంటారు బయటివాళ్ళు. బోర్డు మీద మూడు గీతలు గీసి పేరు చెప్తే అయిపోయిందనుకుంటారు. వచ్చి చెప్పి చూడండి! అదే త్రిభుజాన్ని తలకిందులుగా గీస్తే సగం క్లాసు "అది త్రిభుజం కాదు టీచర్, పడిపోయింది" అంటుంది. చతురస్రాన్ని మూల మీద నిలబెడితే "గాలిపటం!" అని అరుస్తుంది. చూసి నేర్చుకున్న ఆకారం అంతే, దాని వేషం కాస్త మారితే పిల్లలు పోల్చుకోలేరు.

ఈ తిప్పలకి మన టీచరు ఒక విరుగుడు కనిపెట్టింది. ఆమె దగ్గర నల్లగుడ్డ సంచి ఒకటుండేది. అందులో అరచేతి వెడల్పు చెక్క ముక్కలు: గుండ్రాలు, త్రిభుజాలు, చతురస్రాలు, దీర్ఘచతురస్రాలు. పిల్లలు కళ్ళు మూసుకోవాలి. సంచి దగ్గరికి వచ్చినప్పుడు అందులో చెయ్యి పెట్టి, ఒక ముక్క పట్టుకుని, దాని అంచు వెంబడి వేలు నడిపించి మూలలు లెక్కపెట్టుకోవాలి. వేలికి అనుమానంగా ఉంటే పెదవికి ఆనించమనేది. "మూల ఉందనుకో, పెదవికి గుచ్చుకుంటుంది. గుండ్రం అయితే మెత్తగా జారిపోతుంది" అనేది. నోరు విప్పకూడదు. కుర్చీలోంచి లేవకూడదు. తెలిసినవాళ్ళు చెయ్యెత్తి కూర్చోవాలి, టీచరు పిలిచాకే పేరు చెప్పాలి. ఆ ఆట మొదలైతే ఆ గది ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, పక్క క్లాసు టీచర్లు పిల్లలకేమైనా అయిందా అని తొంగిచూసేవారు.

ఈ పద్ధతికి ఎంత పేరొచ్చిందో చెప్పనక్కర్లేదు. ఎవరొచ్చినా ముందు ఆ క్లాసుకే తీసుకొచ్చేవారు. "ఎలా తట్టిందండీ మీకు?" అని అడిగితే ఆమె నవ్వి ఊరుకునేది. ఎలా తట్టిందో చెప్తే రేపటినుంచి ఉద్యోగం ఉండదు మరి. ఆమెకి చూపు పోతోంది.

ఉన్నట్టుండి చీకటి కమ్మడం కాదిది. అంచుల నుంచి లోపలికి తినుకుంటూ వస్తోంది. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నంత మేర శుభ్రంగా కనిపిస్తుంది, దాని చుట్టూ ఏమీ ఉండదు. నలుపు కూడా ఉండదు, ఉత్త లేకపోవడం. పుస్తకం చదువుతుంది, సూదిలో దారం ఎక్కిస్తుంది, కానీ పక్కనే ఉన్న తలుపు అంచుకి భుజం కొట్టుకుంటుంది. మసక వెలుతురులో అయితే ఆ ఉన్న కాస్తా ఉండదు. కళ్ళ డాక్టరు మందు లేదని తేల్చేశాడు. అప్పటినుంచీ ఇంట్లో గిన్నెల్నీ గుమ్మాల్నీ వేళ్ళతో పోల్చుకోవడం అలవాటు చేసుకుంది. అలా ఒకరోజు వంటింట్లో కళ్ళు మూసుకుని మూత అంచు తడుముతుంటే తట్టిన ఆట అది.

బళ్ళో ఎవరికీ ఎందుకు తెలియలేదంటారా? టీచర్లకి కంటి పరీక్ష జరిగేది. జరిగితే ఏం? గోడకి అక్షరాల అట్ట తగిలించి దూరం నుంచి చదవమనేవారు. ఎదురుగా ఉన్నది ఆమెకి ఏ లోటూ లేకుండా కనిపిస్తుంది కదా, అట్టడుగు వరస కూడా గడగడా చదివేసేది. "మీ కళ్ళు నాకిచ్చెయ్యండి మేడమ్, ఈ కళ్ళజోడు మీరు తీసుకోండి" అని జోకేశాడు పరీక్ష చేసినాయన. అందరూ పగలబడి నవ్వారు, ఆమె కూడా నవ్వింది.

తెలిసింది ఒక్క చెల్లెలికే. ఇద్దరూ ఒక ఇంట్లోనే ఉంటారు. చెల్లెలు మందుల షాపులో పనిచేస్తుంది. "అక్కా, చెప్పెయ్యవే. పెద్ద పిల్లలకి పాఠాలు చెప్పుకోవచ్చు, ఆఫీసులో కూర్చోవచ్చు. చిన్నపిల్లల్తో చెలగాటమా?" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది.

"చెప్తాలే. ఈ ఏడాది గడవనీ."

"పోయినేడూ ఇదే పాట పాడావు."

 అక్కకి ఆ గదే లోకం. పెళ్ళి నిలవలేదు, పిల్లల్లేరు. ఆరేళ్ళ పిల్ల వేలు పట్టుకుని మొదటిసారి చతురస్రం నాలుగు మూలలూ తిప్పిస్తే, ఆ పిల్ల మొహం ఒక్కసారి వెలిగిపోతుంది చూడండి, ఆ వెలుగు కోసమే పొద్దున్న లేచేది. అది వదిలేసి ఆఫీసులో కాగితాలకు ముద్రలు కొట్టుకుంటూ కూర్చోమంటే ఆమెవల్ల కాదు. తప్పో ఒప్పో, అదీ సంగతి.

అలాగని గాలికొదిలేసిందా అంటే అదీ లేదు. ఎన్ని జాగ్రత్తలు! బెంచీలన్నీ రెండే వరసల్లో, ఒకదాని వెనక ఒకటి, రైలు పెట్టెల్లా వేయించింది. తను ఈ కొసన నిలబడితే చిట్టచివరి పిల్లదాకా అందరూ ఆ గొట్టంలోనే ఇమిడిపోయేవారు. పైగా మెడని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిప్పుతూనే ఉండేది. తోటి టీచర్లు ఆమెకి "టేబుల్ ఫ్యాన్" అని పేరు పెట్టారు. "టేబుల్ ఫ్యాన్ ఉండగా మనకి ఉక్కపోతేమిటే" అని ఆమె ముందే అనేవారు. అనుకోనీ, పిల్లలు కనిపిస్తే చాలనుకుంది.

అంతా బాగానే ఉండగా బడికి కొత్త హెడ్మిస్ట్రెస్ వచ్చింది. అందరూ పెద్ద మేడమ్ అంటారు. చెడ్డమనిషేం కాదు, పిల్లలంటే ప్రాణం. కాకపోతే ఎక్కడో శిక్షణకి వెళ్ళొచ్చి నేర్చుకున్నదంతా ఒక్కరోజులో అమలు చేసేయాలనే రకం. ఒకటో తరగతి గదిలోకి వచ్చి బెంచీలు చూసి నొసలు ముడిచింది.

"ఇదేంటండీ, ఒకరి వీపు ఒకరు చూస్తూ కూర్చోవడం? చిన్నపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. బెంచీలు తీయించేసి కుర్చీలు అర్ధచంద్రంలా వెయ్యండి. మీరు మధ్యలో నిలబడండి. అందరూ మీకు దగ్గరగా ఉంటారు."

దగ్గరగానే ఉంటారు, నిజమే. కానీ మధ్యలో కూర్చున్న నలుగురైదుగురు తప్ప ఇటు కొస, అటు కొస మొత్తం ఆమెకి లేనట్టే. ఆ క్షణాన చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. వద్దంటే ఎందుకని అడుగుతుంది, ఎందుకో చెప్తే గది పోతుంది.

"అలాగే మేడమ్" అంది. ఆ ఒక్క మాటతో అయిపోయింది అంతా. దాని తర్వాత జరిగినవన్నీ ఆ "అలాగే" వెంట వచ్చినవే.

కుర్చీలు అర్ధచంద్రంలో పడ్డాయి. ఆమె మెడ తిప్పడం రెట్టింపైంది. సాయంత్రానికి మెడనరాలు లాగేసేవి, చెల్లెలు నూనె రాస్తూ సణిగేది.

ఆ అర్ధచంద్రంలో కిటికీ వైపు చిట్టచివరి కుర్చీ ఒక పిల్లది. క్లాసులో అందరూ ఆ పిల్లని వసపిట్ట అనేవారు. పొద్దున్న గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు విప్పిన నోరు గంట కొట్టినా మూసేది కాదు. వాళ్ళమ్మ రొట్టెల ఫ్యాక్టరీలో వ్యాన్ డ్రైవరు. వసపిట్ట దగ్గర ఎప్పుడూ ఆ వ్యాన్ కబుర్లే. "టీచర్, చక్రం వృత్తం కదా, మరి మా అమ్మ బండి చక్రం గాలిపోతే కింద చప్పిడిగా అయింది, అప్పుడేం పేరు?" ఇలా ఉండేవి ఆ ప్రశ్నలు. టీచరు ఎంతో ఓపిగ్గా ఆ పిల్లకి చెయ్యెత్తి ఆగడం నేర్పింది. అది అలవాటయ్యాక వసపిట్ట చెయ్యెత్తి, రెండో చేత్తో నోరు గట్టిగా మూసుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని పిలుపు కోసం ఎదురుచూసేది. చూస్తే నవ్వాగేది కాదు. పక్క కుర్చీలో బుగ్గలపిల్ల ఉండేది, అదీ ముద్దుపేరే. వీళ్ళిద్దరూ ప్రాణస్నేహితులు.

ఇంతలో విద్యాశాఖ నుంచి అధికారులు వస్తున్నారని కబురొచ్చింది. సంచి ఆట సంగతి వాళ్ళదాకా వెళ్ళిందిట. పెద్ద మేడమ్ కాలు నేల మీద నిలవలేదు. "ఒక్క సంచి ఏంటండీ, ఒక్కో పిల్లకీ ఒక్కో సంచి ఇద్దాం. అందరూ ఒకేసారి ఆడితే ఎంత బావుంటుంది!" అని వడ్రంగికి చెప్పేసింది. వడ్రంగి దగ్గర అంత చెక్క ఎక్కడిది? తరిగి తరిగి ముక్కల్ని చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్దగా చేసి తెచ్చాడు. టీచరు ఒకటి వేళ్ళ మధ్య పెట్టుకుని తిప్పి చూసింది. అంచులు నున్నగా ఉన్నాయి. "మరీ చిన్నవి కదూ" అంది.

"చిన్న చేతులకి చిన్న ముక్కలు" అంది పెద్ద మేడమ్. తర్వాత గొంతు తగ్గించింది. "ఇంకో మాట, ఏమనుకోకండి. మీరు అలా మెడ ఊపుతుంటారే, రేపు వాళ్ళ ముందు వద్దు. ఏదో జబ్బనుకుంటారు."

జబ్బు అన్న మాట వినగానే టీచరు చెయ్యి తనంతట తానే మెడ మీదకి పోయింది. పెద్ద మేడమ్ మామూలుగానే అంది పాపం. కానీ ఆ రాత్రి ఆమె మనసులో ఇంకేమీ మెదల్లేదు, చిన్న ముక్కల సంగతీ మెదల్లేదు. మెడ కదపకూడదు. అంతే.

అధికారులు వచ్చారు. పిల్లల వెనక వాళ్ళకి కుర్చీలు వేశారు. పెద్ద మేడమ్ పక్కన కూర్చుంది. టీచరు అర్ధచంద్రానికి ఎదురుగా నిలబడి, మెడ బిగబట్టి, "పిల్లలూ, కళ్ళు" అంది. టప్పున అందరి కళ్ళూ మూసుకున్నాయి.

అధికారుల్లో లావుపాటాయనకి సరదా పుట్టింది. "మేమూ మూసుకోవాలా టీచర్‌గారూ?"

"అందరూ మూసుకోవాలండీ" అంది ఆమె నవ్వుతూ. అంతే, వాళ్ళూ చిన్నపిల్లల్లా కళ్ళు మూసుకున్నారు, పెద్ద మేడమ్ కూడా మూసుకుంది. ఇక ఆ గదిలో తెరిచి ఉన్న కళ్ళు ఆమెవి మాత్రమే.

"సంచిలోంచి గుండ్రం తియ్యండి. అదేనా కాదా బాగా చూసుకోండి. నమ్మకం కుదిరాక చెయ్యెత్తండి. తొందర లేదు."

మధ్యలో కూర్చున్నవాళ్ళు ముక్కలు తీశారు. కొందరు వేలితో తిప్పారు. కొందరు పెదవికి ఆనించుకున్నారు. ఆమె నేర్పిందే. అరచేతి వెడల్పు ముక్క పెదవి దాటి లోపలికి పోయేది కాదు. ఇది బొత్తామంత.

చేతులు లేస్తున్నాయి. ఎంత నిశ్శబ్దం! ఫ్యాను చప్పుడు తప్ప ఏం లేదు. ఆమెకి ఆ నిశ్శబ్దం గర్వంగా ఉంది, చెప్పొద్దూ, ఆ పూట ఆమె చాలా సంతోషంగా ఉంది. అధికారులు కూడా వింటున్నారు కదా అని తాపీగా నడిపించింది. ఎదురుగా ఉన్న ఒకడిని పేరు పెట్టి పిలిచి "ఎలా తెలుసు?" అని అడిగింది. వాడు మూలల్లేవని చెప్పాడు. ఇంకో పిల్లని "ఎటు తిప్పినా ఒకేలా ఉందా?" అని అడిగింది. ఉందని చెప్పింది. అలవాటుగా మెడ పక్కకి తిరగబోయింది. బిగబట్టుకుంది. ఎదురుగా కనిపించే నలుగురితోనే ఆట సాగించింది.

"ఇక కళ్ళు తెరవండి" అంది చివరికి.

కిటికీ వైపు నుంచి బుగ్గలపిల్ల కేక వినిపించింది. అప్పుడు తిరిగింది మెడ.

వసపిట్ట కుర్చీలోనే ఉంది. పక్కకి వాలిపోయింది. మొహం రంగు మారిపోయింది. లావుపాటాయన ఒక్క ఉదుటున వచ్చి పిల్లని బోర్లా ఎత్తి వీపు మీద చరిచాడు. ఇంకొకాయన నోట్లో వేలు పెట్టి చూశాడు. పెద్ద మేడమ్ బండి, బండి అని వరండాలోకి పరిగెత్తింది. టీచరు ఆ పిల్ల పాదాలు పట్టుకుని ఏవేవో పేర్లు పెట్టి పిలిచింది. ఆస్పత్రిలో గొంతులోంచి ఆ ముక్క తీశారు. తీసేసరికి పిల్ల లేదు.

ఆ తర్వాత రోజుల సంగతి ఎక్కువ చెప్పను. చెప్పబుద్ధి కాదు. విచారణకి వచ్చినవాళ్ళు గదిలో నిలబడి చూశారు, కుర్చీలు చూశారు, ముక్క చూశారు. లావుపాటాయన తనంతట తానే ఏడుస్తూ చెప్పాడు. "అందరం కళ్ళు మూసుకున్నామండీ. ఆ పిల్ల నా ముందే కూర్చుంది. చెయ్యి చాస్తే అందేది. కళ్ళు మూసుకుని కూర్చున్నాను సన్నాసిలాగా." అందరూ మూసుకోవాలంది కదా, టీచరు కూడా ఆటలో కళ్ళు మూసుకుని గుర్తున్న పేర్లు పిలిచిందనే అందరూ అనుకున్నారు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ముక్కలు చిన్నవి, అదే తప్పని తేల్చారు. ఇకముందు పిల్లలకి అలాంటివి ఇవ్వకూడదని అన్నారు. పెద్ద మేడమ్ ఆమెని కౌగిలించుకుని, "మీరు మూసుకున్నారు, నేనూ మూసుకున్నాను. మన ఖర్మ. మీరు కుంగిపోకండి, ఆ పిల్లలకి మీరే కావాలి ఇప్పుడు" అంది.

ఒక్క బుగ్గలపిల్ల మాత్రం వేరే మాట చెప్తోంది. ఆ పిల్ల మధ్యలో ఓరకంట చూసిందిట. వసపిట్ట చెయ్యెత్తి ఉందిట. టీచర్ కళ్ళు తెరిచే ఉన్నాయిట, తమవైపే తిరిగి ఉందిట. "జవాబు దొరికిందేమో, టీచర్ పిలుస్తుంది కదా అనుకుని నేను మళ్ళీ కళ్ళు మూసేసుకున్నా" అని చెప్పిందిట. ఆరేళ్ళ పిల్ల మాట ఎవరు నమ్ముతారు? భయంతో ఏదో అల్లుకుందన్నారు. టీచరు మీద అబద్ధాలు చెప్పకూడదని ఇంట్లో కొట్టారు, బళ్ళో తిట్టారు. ఆ పిల్ల బళ్ళో మాట్లాడడమే మానేసింది.

ఈ సంగతి చెల్లెలికి కూడా తెలిసింది. చెప్పెయ్యి చెప్పెయ్యి అని ప్రాణం తీసిన మనిషి ఇప్పుడు ప్లేటు మార్చింది.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను. అప్పుడు చెప్పమన్నాను, విన్నావు కాదు. ఇప్పుడు మాత్రం నోరెత్తకు. కళ్ళు తెరిచి ఉన్నావని తెలిస్తే చూస్తూ చంపావంటారు. చూపు లేదంటే దాచి చంపావంటారు. ఎటైనా నిన్ను బతకనివ్వరు. మూసుకున్నానని ఒక్క మాట. అందరూ నమ్ముతున్నదే."

"ఆ బుగ్గలపిల్లో?"

"చిన్నపిల్ల. మర్చిపోతుంది."

 ఆరేళ్ళ పిల్లలు ఏది మర్చిపోతారో ఏది మర్చిపోరో అక్కకి తెలిసినట్టు చెల్లెలికి తెలియదు.

వసపిట్ట తల్లి ఫోన్ చేసింది. "ఒకసారి మా ఇంటికి రండి టీచర్. అరవను, కొట్టను. ఒక్క మాట అడగాలి." టీచరు వెళ్ళింది. చెల్లెలు వస్తానంది, వద్దంది.

కింద రొట్టెల వ్యాన్ ఆగి ఉంది. పైన రెండు గదుల ఇల్లు. సాయంత్రం వెలుతురు ఇంకా ఉంది. తల్లి కూర్చోమని కుర్చీ వేసి, తను ఎదురుగా మంచం అంచున కూర్చుంది. మనిషి ఎండిపోయింది. టీచరు చూపులో ఆ మొహం ఒక్కటే నిలిచింది.

"నిన్న బుగ్గలపిల్లని తీసుకుని వాళ్ళమ్మ వచ్చింది" అంది తల్లి. "మేం మాట్లాడుకుంటుంటే ఆ పిల్ల నా దగ్గరకొచ్చి, 'ఆంటీ, టీచర్ కళ్ళు మూసుకోలేదు, మా వైపే చూస్తోంది' అంది. వాళ్ళమ్మ నా ఎదుటే వీపు మీద ఒక్కటిచ్చింది. పిల్ల ఏడవను కూడా లేదు. నాకు రాత్రంతా అదే. చెప్పండి, ఆ పిల్ల అబద్ధమాడుతోందా?"

మూసుకున్నాను అంటే అయిపోతుంది. నాలుక మీద సిద్ధంగా ఉంది. అన్నదంటే సోమవారం మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళొచ్చు, పిల్లల వేళ్ళు పట్టుకుని మూలలు తిప్పించవచ్చు. తల్లి కూడా నమ్ముతుంది. నమ్మాలనే అడుగుతోంది అసలు. టీచరు నోరు తెరిచింది. ఆ మాట రాలేదు. ఏడ్చే బదులు నోరు మూసుకున్న బుగ్గలపిల్ల మనసులో అడ్డం పడింది.

"లేదమ్మా. ఆ పిల్ల అబద్ధమాడలేదు."

తల్లి లేచి నిలబడింది. "అంటే చూశారా? నా కూతురు ఊపిరాడక చెయ్యెత్తితే చూస్తూ నిలబడ్డారా?"

"చూళ్ళేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, పిల్లలవైపే తిరిగి నిలబడ్డాను. నాకు కనపళ్ళేదు. ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది నాకు. పక్కలు పోయి చాలా ఏళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు, ఉద్యోగం పోతుందని. నన్నా గదిలోంచి తీసేస్తారని."

 తల్లి చెయ్యి ఒకటి ఎత్తి టీచరు చెవి పక్కన పెట్టింది. "కనిపిస్తోందా?"

"ఏం?"

ఆ చెయ్యి మెల్లగా ముందుకు జరిపింది. ఇంకొంచెం జరిపింది. దాదాపు ముక్కు దగ్గరికి వచ్చాక టీచరుకి వేళ్ళు కనిపించాయి. "ఇప్పుడు కనిపించింది" అంది. తల్లి ఆ చెయ్యి ఎక్కడిదాకా వచ్చిందో తనే చూసుకుని మంచం మీద కూలబడింది.

"నేను బండి నడిపే మనిషిని టీచర్" అంది.  "నా అద్దాల్లోనూ కనపడని చోటుంది. ప్రతి బండికీ ఉంటుంది. అందుకే కదిలే ముందు మెడ తిప్పి చూసుకుంటాను. ఏ పిల్లో పిల్లాడో ఉంటారని. మీరు తిప్పలేదా?"

"రోజూ తిప్పేదాన్ని."

"మరి ఆవేళ?"

"ఆవేళ తిప్పలేదు. పెద్దవాళ్ళు వచ్చారు. జబ్బనుకుంటారని."

ఆ మాట బయటికి వచ్చాక టీచరుకే తెలిసింది అది ఎంత చిన్న కారణమో. ఇన్ని రోజులూ తనలో తాను కూడా ఆ మాట పూర్తిగా అనుకోలేదు. మోకాళ్ళ మీద తలపెట్టుకుని ఏడ్చింది. తల్లి ఓదార్చలేదు. ఎందుకు ఓదారుస్తుంది? గోడకేసి చూస్తూ కూర్చుంది.

"రేపు పొద్దున్నే పెద్ద మేడమ్‌కి చెప్తాను" అంది టీచరు, మొహం తుడుచుకుని. "విచారణవాళ్ళకీ చెప్తాను."

"వాళ్ళకి చెప్తే చెప్పండి, మానితే మానండి, నాకనవసరం. ముందు బుగ్గలపిల్లకి చెప్పండి. నువ్వు చూసింది నిజమేనని. వాళ్ళమ్మ ముందు చెప్పండి."

"ఇప్పుడే వెళ్తాను."

లేచి గుమ్మం దాటేసరికి బయట మసకబారింది. మెట్ల దగ్గర ఆమెకి ఏమీ కనిపించలేదు. గోడ తడుముతూ పాదం ముందుకి చాపి వెతుకుతోంది. తల్లి గుమ్మంలోంచి కాసేపు అలాగే చూసింది. తర్వాత వచ్చి మోచెయ్యి పట్టుకుంది. మెత్తగా ఏం పట్టుకోలేదు.

"పడి కాలో చెయ్యో విరక్కొట్టుకుంటే అదొకటి నా నెత్తికి. నడవండి. మెట్టు."

టీచరు దిగింది.

"ఇంకో మెట్టు. ఇక్కడ మలుపు. మెట్టు."

ఇద్దరూ కిందికి వచ్చారు. వీధిలో దీపం ఉంది. అక్కడ తల్లి ఆగింది, మోచెయ్యి మాత్రం వదల్లేదు.

"నా పిల్ల ఇంట్లో నా మాట ఒక్కటి వినేది కాదు టీచర్. గొంతులో చిన్న నలక పడితే చాలు, లేచొచ్చి నా మీద పడిపోయేది, గీకేది, రక్కేది. ఇంట్లో అయ్యుంటే లేచొచ్చేది." ఊపిరి తీసుకుంది. "మీరు లేవకూడదన్నారు. లేవలేదు. చెయ్యెత్తి మీరు పిలిచేదాకా కూర్చుంది."

అప్పుడు చెయ్యి వదిలేసి, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.